చేరడం తేలిక, గట్టెక్కడమే కష్టం: అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో డిగ్రీ ఎక్కడ చేజారుతోంది

సాయంత్రం ఆరు గంటల వేళ మేముండే ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీ పార్కింగ్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, అక్కడ ఎవరు చదువుకుంటున్నారో తెలిసిపోతుంది. ఆస్పత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చేవాళ్ళు, గోడౌన్‌లో షిఫ్టు ముగించుకుని ఆ చొక్కాతోనే దిగే కుర్రాళ్ళు, కారు వెనక సీట్లో చంటిపిల్లల సీటు బిగించి ఉన్న తల్లులు. కారులోనే నాలుగు ముద్దలు తినేసి, బ్యాగు భుజాన వేసుకుని లోపలికి పరుగు. నేను వారానికి రెండు సాయంత్రాలు అక్కడి ట్యూటరింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. సెప్టెంబర్‌లో నా బల్ల చుట్టూ కుర్చీలు చాలవు. నవంబర్ చివరికొచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. రావడం మానేసినవాళ్ళు చదువు రానివాళ్ళేమీ కాదు, కొందరైతే క్లాసులో అందరికంటే చురుకైనవాళ్ళు. వాళ్ళు ఎందుకు ఆగిపోయారన్నది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళ కోసం ముందు ఈ కాలేజీల సంగతి చెప్పాలి. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన కాలేజీని అమెరికాలో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1947లో, ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన కమిషన్ ఇలాంటి కాలేజీలు ఊరూరా రావాలని చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు జనం నోట్లో పడింది అక్కడి నుంచే. ఇప్పుడు దేశమంతటా వెయ్యి దాకా ఉన్నాయి, ఒక్క కాలిఫోర్నియాలోనే 116. ర్యాంకు అక్కర్లేదు, హైస్కూల్ పాసైతే సీటు ఇచ్చినట్టే. ఫీజు తక్కువ. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్రం వాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే మూడు యూనిట్ల క్లాసు 138 డాలర్లు. రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ వస్తుంది. ఆ యూనిట్లతో, అంటే క్రెడిట్లతో, యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరి బ్యాచిలర్స్ పూర్తి చేసుకోవచ్చు. మన దగ్గర పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారే, దాదాపు అలాంటి ఏర్పాటు.

కాగితం మీద ఇంత చక్కటి దారి ఇంకొకటి కనపడదు. కానీ లెక్కలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో చేరిన ప్రతి 100 మందిలో ఆరేళ్ళు గడిచినా ఏదో ఒక డిగ్రీ గానీ సర్టిఫికెట్ గానీ చేతికందేది 43 మంది దాకానే. చేరేటప్పుడు 100లో 80 మంది దాకా బ్యాచిలర్స్ చేయాలనే అంటారు. యూనివర్సిటీకి మారగలిగేది మూడోవంతు మంది. ఆరేళ్ళలో బ్యాచిలర్స్ అందుకునేది 16 మంది.

ఈ అంకెలు చూడగానే మనవాళ్ళ నోట వచ్చే మాట ఒకటుంది: "సీటు రాని పిల్లలేగా అక్కడ చేరేది, చదవరు." పార్టీల్లో చాలాసార్లు విన్నాను. ఆ మాట తప్పని నేను గట్టిగా చెప్పగలను. నేను చూసినంతలో, చదివినంతలో, ఈ పిల్లల్ని ఏదో ఒక పెద్ద దెబ్బ పడగొట్టదు. దారి పొడుగవుతుంది. అవసరం లేని ఒక క్లాసు, చెల్లని మూడు క్రెడిట్లు, రద్దయిన ఒక సెక్షన్, కట్టలేకపోయిన ఒక బిల్లు. రెండేళ్ళ చదువు మూడవుతుంది, నాలుగవుతుంది. ఆ మధ్యలో కారు పాడవుతుంది, అమ్మకి ఒంట్లో బాగుండదు, షిఫ్టు మారుతుంది. దారి ఎంత పొడుగైతే జీవితం అడ్డం రావడానికి అంత చోటు దొరుకుతుంది. అందుకే ఏ సాయం పనిచేస్తుంది, ఏది చేయదు అని తేల్చుకోవాలంటే నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది దారిని కుదిస్తుందా, సాగదీస్తుందా?

మొదటి మెట్టు దగ్గరే

లెక్కలతోనే మొదలుపెడతాను, నేను కూర్చునే బల్ల అదే కాబట్టి.

చాలా ఏళ్ళ పాటు జరిగింది ఇది. కాలేజీలో చేరగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట హైస్కూల్ వదిలేసిన మనిషి ఏ ప్రిపరేషనూ లేకుండా గంటసేపు రాసే పరీక్ష అది. అందులో తక్కువొస్తే రెమెడియల్ క్లాసులు, అంటే హైస్కూల్ పాఠాలే మళ్ళీ. ఒకటి కాదు, రెండు మూడు వరస. ఫీజు కట్టాలి, సెమిస్టర్ గడపాలి, కానీ ఆ క్లాసులకి డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్ ఉండదు. కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని కనీసం ఒక రెమెడియల్ క్లాసుకైనా పంపేవాళ్ళు.

ఇందులో నష్టం ఎక్కడుందో చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి. 100 మందిని మూడు క్లాసుల కింద కూర్చోబెట్టామనుకోండి. ప్రతి క్లాసులో 100కి 70 మంది పాసవుతారు, చెడ్డ ఫలితమేమీ కాదు. పాసైనవాళ్ళలో 100కి 85 మంది తర్వాతి సెమిస్టర్‌కి వస్తారు, అదీ మంచిదే. మొదటి క్లాసు అయ్యేసరికి 70 మంది పాస్, వాళ్ళలో 60 మంది తర్వాతి క్లాసుకి వచ్చారు. అక్కడ 42 పాస్, 36 మంది వచ్చారు. మూడోది పాసయ్యేది 25 మంది. అసలు కాలేజీ లెక్కల క్లాసు ఇంకా మొదలే కాలేదు. ఏ టీచరూ పాఠం సరిగ్గా చెప్పకపోలేదు, ఏ విద్యార్థీ బద్ధకించలేదు. మెట్లు ఎక్కువవడమే కారణం.

కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో కమ్యూనిటీ కాలేజీల మీదే పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటుంది. ఆ పరీక్షలు చాలామందిని తప్పు క్లాసులో పడేస్తున్నాయని, అంతకంటే హైస్కూల్ మార్కులే సంగతి బాగా చెబుతాయని వాళ్ళు చూపించారు. తర్వాత ఒక్కో రాష్ట్రం కదిలింది. టెన్నెసీ 2015లో రెమెడియల్ వరసలు ఎత్తేసి, విద్యార్థిని నేరుగా కాలేజీ క్లాసులోనే కూర్చోబెట్టి, పక్కనే అదే సెమిస్టర్‌లో అదనపు సాయం క్లాసు పెట్టింది. దీన్ని కోరిక్విజిట్ అంటారు. అంతకుముందు రెమెడియల్‌లో పడ్డవాళ్ళలో ఏడాదిలోపు కాలేజీ లెక్కలు పాసయ్యేది 100కి 12 మంది. కొత్త పద్ధతిలో సగం దాటారు. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం చేసి, కాలేజీలు హైస్కూల్ మార్కులు చూడాలని, ఏడాదిలోపు కాలేజీ స్థాయి క్లాసు పూర్తిచేసే అవకాశం పెరిగేలా విద్యార్థిని కూర్చోబెట్టాలని పెట్టింది.

ఇది మంచి మార్పే. అయినా నా బల్ల దగ్గర భిన్నాలు కూడా తడబడేవాళ్ళు వస్తారు. వాళ్ళని నేరుగా స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి పక్క క్లాసు పెట్టకపోతే అది సాయం కాదు, నీళ్ళలోకి తోసేయడం. ఆ పక్క క్లాసు చెప్పే టీచర్‌కి టైమ్, జీతం ఇచ్చిన కాలేజీల్లోనే ఈ పద్ధతి నిలబడుతుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. అందరికీ ఆల్జీబ్రా ఎందుకు? నర్సింగ్‌కి, సోషల్ వర్క్‌కి, బిజినెస్‌కి పనికొచ్చేది స్టాటిస్టిక్స్. చదివే కోర్సుని బట్టి లెక్కల దారి వేరు చేసిన చోట్ల చాలామంది ఈ మెట్టు దాటేశారు. ఇంజనీరింగ్ వైపు వెళ్ళేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి కాల్క్యులస్ తప్పదు.

బోర్డుల్లేని బస్టాండ్

మొదటి మెట్టు దాటాక ఏం క్లాసులు తీసుకోవాలి? కమ్యూనిటీ కాలేజీ కేటలాగ్ చూస్తే కోర్సులు కొన్ని వందలుంటాయి. పెద్ద బస్టాండ్‌లోకి వెళ్ళాక అన్ని బస్సులూ కనిపిస్తూ, దేని మీదా ఊరి పేరు లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దారి చెప్పాల్సింది అడ్వైజర్. చాలా కాలేజీల్లో ఒక్కో అడ్వైజర్ కింద 600 మంది నుంచి 1,500 మంది దాకా విద్యార్థులు ఉంటారు. రిజిస్ట్రేషన్ రోజుల్లో పదిహేను నిమిషాలు దొరికితే అదృష్టం. అమ్మానాన్న కాలేజీ చదివిన ఇంట్లో ఆ ప్రశ్నలు భోజనాల దగ్గర తేలిపోతాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకి ఏం అడగాలో కూడా తెలియదు.

నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒకామె నా దగ్గరికి స్టాటిస్టిక్స్ నేర్చుకోవడానికి వస్తుంది. అక్కా అని పిలుస్తుంది. అక్కడ బీకాం చదివింది, ఇక్కడ నర్స్ అవ్వాలని ఆశ. భర్తది కాంట్రాక్ట్ ఉద్యోగం, ప్రాజెక్ట్ ఎక్కడ దొరికితే అక్కడికి మారాలి. ఆరేళ్ళలో మూడు రాష్ట్రాలు, మూడు కమ్యూనిటీ కాలేజీలు. మొన్న తన డిగ్రీ ఆడిట్ కాగితం (ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపేది) తెచ్చి నా ముందు పరిచింది. మొత్తం 71 క్రెడిట్లు. అసోసియేట్ డిగ్రీకి మామూలుగా 60 చాలు. కానీ ఎర్ర గుర్తులున్న వరసలు ఇంకా ఉన్నాయి. ఒక రాష్ట్రంలో తీసుకున్న సైకాలజీ ఇక్కడ "ఎలెక్టివ్" కింద పడింది, కావలసిన గడి ఖాళీగానే ఉంది. మైక్రోబయాలజీకి ల్యాబ్ వేరుగా ఉండాలట, ఆమె తీసుకున్నదానికి ల్యాబ్ లేదు. అనాటమీ పాసై ఐదేళ్ళు కావొస్తోంది. చాలా నర్సింగ్ ప్రోగ్రాములు ఐదేళ్ళో ఏడేళ్ళో దాటిన సైన్స్ మార్కులు ఒప్పుకోవు. అంటే తను వెనక క్లాసులు పూర్తిచేస్తుంటే ముందు చదివినవి కాలం చెల్లిపోతున్నాయి. ఆ కాగితం మీద వేలు పెట్టి వరసగా చూపిస్తూ, "ఇన్ని చదివానక్కా" అంది. కళ్ళు మాత్రం పైకెత్తలేదు.

క్రెడిట్లు ఇలా పోవడం ఆమె ఒక్కదాని కథ కాదు. కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోతున్నారని అమెరికా పార్లమెంటుకి లెక్కలు చూసిపెట్టే సంస్థ, జీఏఓ, 2017లో అంచనా వేసింది. ఈసెట్‌తో పోలిక ఇక్కడ తెగిపోతుంది. మన దగ్గర డిప్లొమా ఉంటే రాష్ట్రమంతా ఒకే మాట: రెండో ఏడాదిలో సీటు. ఇక్కడ ఒక్కో యూనివర్సిటీ, అందులో ఒక్కో డిపార్ట్‌మెంట్, ఒక్కో క్లాసుని పట్టుకుని మాది, మాది కాదు అని తేలుస్తుంది. యూనివర్సిటీ క్రెడిట్ ఒప్పుకుని, మేజర్ డిపార్ట్‌మెంట్ మాత్రం ఒప్పుకోకపోవడం మామూలే. అప్పుడు క్రెడిట్ లెక్కలో ఉంటుంది, పనికి మాత్రం రాదు.

సరిచేసినవాళ్ళు లేకపోలేదు. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, ఒక ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసినవాళ్ళకి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు ఖాయం చేసింది. ఏ క్లాసు ఎక్కడ దేనికి సరిపోతుందో చూసుకోవడానికి అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. ఫ్లోరిడాలో ఓర్లాండోలోని వలెన్సియా కాలేజీ 2006 నుంచి సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీతో కలిసి, అసోసియేట్ పూర్తిచేస్తే అక్కడ అడ్మిషన్ ఖాయమనే ఏర్పాటు నడుపుతోంది. వర్జీనియాలో నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ 2018లో మొదలుపెట్టిన అడ్వాన్స్ అనే పథకంలో విద్యార్థి మొదటిరోజు నుంచే రెండు కాలేజీలకీ చెందినవాడు. చివరిదాకా ఏం చదవాలో ముందే రాసి ఉంటుంది, మధ్యలో ఒకే కోచ్ వెంట ఉంటారు. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలు దీని గురించి తెలుసుకుంటే మంచిది.

డబ్బు, కారు, ఆకలి

ఫీజు తక్కువే కదా, డబ్బు సమస్య ఏమిటని అడుగుతారు. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. అద్దె, పెట్రోలు, పుస్తకాలు, బేబీ సిట్టర్. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు దాంతో గడిచిపోతుంది. కానీ ఆ గ్రాంట్‌కి షరతులు ఉంటాయి. రిజిస్టర్ చేసుకున్న క్రెడిట్లలో మామూలుగా మూడింట రెండు వంతులైనా పాసవ్వాలి, లేదంటే గ్రాంట్ ఆగిపోతుంది. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే అన్ని క్లాసులూ మానేస్తే, మిగిలిన రోజుల వంతు డబ్బు ప్రభుత్వానికి వెనక్కిపోతుంది. ఆ లోటు విద్యార్థి పేరున బిల్లుగా వస్తుంది.

ఈ నిబంధన ఎలా పనిచేస్తుందో ఒక కుర్రాడి విషయంలో దగ్గరగా చూశాను. రాత్రి షిఫ్టు పని, పగలు క్లాసులు. ఆరో వారంలో తల్లికి ఆపరేషన్ అయితే పక్కనుండి చూసుకోవడానికి వేరే ఊరు వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తెలియదు. రెండు నెలలకి వచ్చేసరికి కాలేజీ నుంచి దాదాపు 900 డాలర్ల బిల్లు. అది కట్టేదాకా అకౌంట్ మీద హోల్డ్, కొత్త సెమిస్టర్‌కి రిజిస్టర్ చేసుకోవడం కుదరదు. ఆ కాలేజీ పేరు రాయను. ఒక్క డీన్ గానీ టీచర్ గానీ ఆ ఆరో వారంలో ఫోన్ చేసి ఏమైందని అడిగి ఉంటే, రెండు క్లాసులైనా నిలబెట్టుకునే దారి ఉండేది. చాలా కాలానికి మళ్ళీ కనిపించాడు, గోడౌన్‌లో సూపర్‌వైజర్ అయ్యాడట. మళ్ళీ చేరతావా అంటే, "ఇంకా ఆ బిల్లుంది" అన్నాడు.

బాకీ ఉందని మార్కుల పత్రం, అంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేసే కాలేజీలు కూడా ఉన్నాయి. ఇది మనకి తెలియని బాధ కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని తెలుగు రాష్ట్రాల్లో కాలేజీలు సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పడం ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి పిల్లవాడి కాగితాలు తాకట్టు. కాలిఫోర్నియా ఈ పద్ధతిని 2019లో చేసిన చట్టంతో ఆపేసింది. 2024 జులై నుంచి కేంద్ర నిబంధన కూడా వచ్చింది: ప్రభుత్వ సాయంతో చదివి, ఫీజు బాకీ లేని సెమిస్టర్ల క్రెడిట్లను ట్రాన్స్‌క్రిప్ట్‌లో చూపించకుండా ఆపకూడదు.

టెక్సస్‌లోని అమరిల్లో కాలేజీ ఈ విషయంలో చేసింది నాకు చాలా ఇష్టం. చదువుకి అడ్డమేమిటని వాళ్ళు విద్యార్థులనే అడిగారు. పాఠాల గురించి చెబుతారనుకుంటే, మొదటి పది కారణాల్లో క్లాస్‌రూమ్‌కి సంబంధించింది ఒక్కటీ లేదు. తిండి, ఇల్లు, పిల్లల్ని చూసుకునే మనిషి, బండి. అప్పటి ప్రెసిడెంట్ రసెల్ లోవరీ హార్ట్ హయాంలో క్యాంపస్‌లోనే సహాయ కేంద్రం పెట్టారు. సరుకులు, సోషల్ వర్కర్లు, కరెంట్ బిల్లు కట్టలేకపోతే అత్యవసర సాయం, అన్నీ ఒకే చోట. అంతేకాదు, 16 వారాల క్లాసుల్లో చాలావాటిని 8 వారాలకి కుదించారు. నాలుగు క్లాసులు ఒకేసారి కాకుండా రెండు చొప్పున. పదో వారంలో ఇంట్లో ఏదైనా జరిగితే పాత పద్ధతిలో నాలుగూ పోతాయి. కొత్త పద్ధతిలో మొదటి రెండూ అప్పటికే చేతిలో ఉంటాయి. నా బల్ల దగ్గర పోగొట్టుకున్న పిల్లల్ని తలుచుకుంటే, ఈ ఒక్క మార్పుకి ఎందరు నిలబడేవాళ్ళో అనిపిస్తుంది. అమరిల్లో 2023లో కమ్యూనిటీ కాలేజీల్లో అన్నింటికంటే పెద్ద గౌరవమైన ఆస్పెన్ ప్రైజ్‌ని ఇంకో కాలేజీతో కలిసి అందుకుంది.

న్యూయార్క్ చేసి చూపించింది

ఇంతవరకూ ఒక్కో చిక్కుకి ఒక్కో మందు చెప్పాను. కానీ ఒకటి సరిచేస్తే విద్యార్థి తర్వాతి దాని దగ్గర పడిపోతాడు. అన్నీ కలిపి ఒకేసారి చేస్తే ఏమవుతుందో న్యూయార్క్ నగరం చేసి చూపించింది.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ, క్యూనీ, 2007లో ఏశాప్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. చేరినవాళ్ళు ఫుల్ టైమ్ చదవాలి. రెమెడియల్ ఉంటే వెంటనే పూర్తిచేయాల్సి ఉండేది. బదులుగా గ్రాంట్లు పోను మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలు ఉచితం, తోటివాళ్ళతో కలిసి చదువుకునేలా క్లాసులు. ఒక్కో అడ్వైజర్‌కి మొదట్లో 60 నుంచి 80 మందే. ఇంకా, నెలనెలా ప్రయాణానికి ఒక కార్డు. సబ్‌వే, బస్సు ఉచితంగా ఎక్కే కార్డు అది, ప్రోగ్రామ్ నియమాలు పాటిస్తూ అడ్వైజర్‌ని కలుస్తుంటేనే ఇస్తారు. పల్లె నుంచి టౌన్‌లో డిగ్రీకి వెళ్ళే రోజుల్లో ఆర్టీసీ పాస్ చేతిలో ఉంటే కాలేజీకి వెళ్ళడం, లేకపోతే మానేయడం ఎరిగినవాళ్ళకి ఆ కార్డు విలువ వేరే చెప్పక్కర్లేదు. కార్డు కోసం వచ్చిన విద్యార్థి ఎదురుగా తన పేరు తెలిసిన మనిషి కూర్చుని ఉంటుంది. "పోయిన వారం క్విజ్ ఎందుకు రాయలేదు?" అని అడుగుతుంది. చిక్కు చిన్నగా ఉన్నప్పుడే బయటపడుతుంది.

ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ దీన్ని లాటరీ పద్ధతిలో పరీక్షించింది. రెమెడియల్ అవసరమైన, ఆదాయం తక్కువున్న 896 మందిని తీసుకుని, ఎవరు ఏశాప్‌లో చేరాలో, ఎవరు మామూలుగా చదవాలో చీటీ వేసినట్టు తేల్చారు. కాబట్టి మంచి విద్యార్థులనే ఏరుకున్నారన్న మాటకి తావు లేదు. మూడేళ్ళలో మామూలువాళ్ళలో 22 శాతం డిగ్రీ పూర్తిచేస్తే, ఏశాప్‌లో 40 శాతం. న్యూయార్క్ కాబట్టి కుదిరిందేమో అనుకుని ఒహాయోలో మూడు కాలేజీలు అదే పద్ధతి పెట్టుకున్నాయి. అక్కడా మూడేళ్ళకి 19 శాతం ఉన్నది 35 అయింది.

ఖర్చు? ఒక్కో విద్యార్థి మీద మామూలు కంటే దాదాపు 60 శాతం ఎక్కువ. అమ్మో అనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూడండి. 100 మందికి తలా 100 చొప్పున 10,000 పెడితే 22 డిగ్రీలు వచ్చాయి, ఒక్కో డిగ్రీ 455 పడింది. తలా 160 చొప్పున 16,000 పెడితే 40 డిగ్రీలు, ఒక్కోటి 400. ఎక్కువ పెట్టిన చోటే డిగ్రీ చవగ్గా వచ్చింది.

మరి అంతటా ఎందుకు పెట్టరు? డబ్బు వచ్చే పద్ధతి అడ్డం. టెక్సస్‌లో సెమిస్టర్ మొదలైన 12వ క్లాసు రోజున ఎందరున్నారన్న లెక్కకి చాలా ప్రాధాన్యం ఉండేది. దశాబ్దాల పాటు రాష్ట్రం డబ్బు చేరినవాళ్ళు ఎన్ని గంటల క్లాసులు తీసుకున్నారన్నదాన్ని బట్టే ఎక్కువగా వచ్చేది. విద్యార్థి పూర్తిచేస్తే వచ్చే అదనం చాలా తక్కువ, ఆ రోజు దాటాక మానేస్తే పోయేదీ తక్కువే. 2023లో హౌస్ బిల్ 8 అనే చట్టంతో అది మారింది. డిగ్రీలు, సర్టిఫికెట్లు, ట్రాన్స్‌ఫర్లను బట్టి డబ్బు వచ్చేలా చేశారు. టెన్నెసీ 2010లోనే ఆ దారి పట్టింది. ఇందులో నాకొక భయం ఉంది. డబ్బు కోసం కాలేజీలు తేలిగ్గా అయిపోయే చిన్న సర్టిఫికెట్ల వైపు పిల్లల్ని తోస్తాయేమో, కష్టపడి పైకి రావాల్సినవాళ్ళని చేర్చుకోవడం తగ్గిస్తాయేమో. పేద విద్యార్థిని గట్టెక్కిస్తే కాలేజీకి ఎక్కువ ఇచ్చేలా చట్టంలో వెసులుబాటు పెట్టిన చోట ఆ భయం కొంత తగ్గుతుంది. ఏదేమైనా, చేరినవాళ్ళని లెక్కపెట్టడం నుంచి గట్టెక్కినవాళ్ళని లెక్కపెట్టడానికి మారడం అవసరమే.

మన ఇళ్ళల్లో

ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ లాంటి చోట్ల మన పిల్లలు చాలామంది హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ క్రెడిట్ పేరుతో కమ్యూనిటీ కాలేజీ క్లాసులు తీసుకుంటున్నారు. అప్పుడు మనకి ఆ కాలేజీ చిన్నతనం అనిపించదు. అదే పిల్లవాడు హైస్కూల్ అయ్యాక అక్కడే చేరతానంటే మాత్రం బంధువులకి ఫోన్‌లో చెప్పడానికి మొహమాటపడతాం. ఆ మొహమాటం పిల్లలకి తెలిసిపోతుంది. క్లాసులో వెనకబడినా ఇంట్లో చెప్పరు. దయచేసి అది వాళ్ళ మీద రుద్దకండి.

వీసా సంగతి ఒకటి ముందే తెలుసుకోవాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలు, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్ళకి, ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్ళకి పెల్ గ్రాంట్ రాదు. గ్రీన్ కార్డ్ ఉంటే ప్రభుత్వ సాయం దరఖాస్తు ఫాఫ్సా నింపి అడగొచ్చు. హెచ్4 పిల్లలకి రాష్ట్రం ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. పైగా వాళ్ళకి 21 ఏళ్ళు నిండితే ఆ హోదా పోతుంది, కాబట్టి చదువు ఒక ఏడాది ఆలస్యమైతే వాళ్ళ మీద పడే భారం మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ. ఎఫ్1 వాళ్ళు సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తీసుకుని తీరాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకొస్తుంది. కష్టంగా ఉందని ఒక క్లాసు వదిలేసే ముందు కాలేజీలో ఇంటర్నేషనల్ ఆఫీసుని కలిసి తీరాలి.

మొదటి సెమిస్టర్‌లోనే చేయగలిగింది ఒకటుంది. ఏ యూనివర్సిటీకి, ఏ మేజర్‌కి వెళ్ళాలనుకుంటున్నారో ఆ యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ పేజీ తెరిచి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని క్లాసులు ఎంచుకోవాలి. ఊరు మారేవాళ్ళు ప్రతి క్లాసు సిలబస్ కాగితం దాచుకోవాలి. క్రెడిట్ ఒప్పుకోం అన్నప్పుడు అప్పీల్‌లో పనికొచ్చేది ఆ కాగితమే. మానేయాల్సిన పరిస్థితి వస్తే, మానేసే ముందు ఆర్థిక సహాయ ఆఫీసుకి ఒక్క ఫోన్ చేయాలి. ఒక్క వారం ఆగితే 60 శాతం దాటుతుందేమో వాళ్ళు చెబుతారు.

నరసరావుపేట అమ్మాయి కాగితం పట్టుకుని పోయిన వారం మేమిద్దరం అడ్వైజర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా ముప్పావుగంట కూర్చున్నారు. సైకాలజీకి పాత సిలబస్ తెస్తే డిపార్ట్‌మెంట్‌కి పంపిస్తానన్నారు. అది ఆమె పాత ఈమెయిల్‌లో దొరికింది. ల్యాబ్‌తో ఉన్న మైక్రోబయాలజీ మా క్యాంపస్‌లో వచ్చే సెమిస్టర్ ఇవ్వట్లేదు. నలభై నిమిషాల దూరంలోని ఇంకో క్యాంపస్‌లో శనివారం పొద్దున ఉంది. శనివారమైతే మా ఆయన ఇంట్లోనే ఉంటారు, బాబుని చూసుకుంటారు అంది. అక్కడే కూర్చుని ఫోన్‌లో రిజిస్టర్ నొక్కింది. క్లాసు అప్పటికే నిండిపోయింది. వెయిట్‌లిస్ట్‌లో మూడో నంబర్.